2.29 దగ్గర ఆగిన బార్: మన హై జంప్ జాతీయ రికార్డు లెక్క ఎందుకింత గందరగోళం

2025 సెప్టెంబర్ 16న టోక్యోలో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ హై జంప్ ఫైనల్ జరిగింది, అందులో మన సర్వేశ్ కుశారే 2.28 మీటర్లు దూకి ఆరో స్థానంలో నిలిచాడు, వరల్డ్స్‌లో హై జంప్ ఫైనల్ దాకా వెళ్లిన మొదటి ఇండియన్ అతనే. ఆ సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో ఒకడు "కొత్త నేషనల్ రికార్డు!" అని పెట్టేశాడు. ఇంకొకడు "కాదురా, రికార్డు తేజస్విన్ శంకర్‌ది" అన్నాడు. మూడోవాడు అసలైన ప్రశ్న వేశాడు: "తేజస్విన్ 2.22 దూకితే కామన్వెల్త్‌లో మెడల్ వచ్చింది కదా, మరి ఇతను 2.28 దూకినా ఎందుకు రాలేదు?"

మూడోవాడి ప్రశ్నకి గ్రూపులో ఎవరూ జవాబు చెప్పలేదు, టాపిక్ క్రికెట్‌కి వెళ్లిపోయింది. కానీ ఆ ప్రశ్న పట్టుకుని లాగితే మన హై జంప్ రికార్డు కథంతా బయటికొస్తుంది. ముందు సింపుల్ విషయాలు చూసి, తర్వాత చిక్కుముడుల్లోకి పోదాం.

పర్సనల్ బెస్ట్, నేషనల్ రికార్డు, మీట్ రికార్డు: మూడూ వేరు

ఒక అథ్లెట్ తన జీవితంలో దూకిన అత్యధిక ఎత్తు అతని పర్సనల్ బెస్ట్. ఒక దేశం వాళ్లంతా ఇప్పటిదాకా దూకినవాటిలో అన్నిటికన్నా పెద్దది, అదీ ఆ దేశపు ఫెడరేషన్ ఒప్పుకున్నది, నేషనల్ రికార్డు. ఒక పోటీలో, అంటే నేషనల్ గేమ్స్ అనుకోండి, ఇప్పటిదాకా ఎవరైనా దూకినదాంట్లో పెద్దది మీట్ రికార్డు. టీవీ కింద "రికార్డు" అని మెరిస్తే ఈ మూడింట్లో ఏదో తెలీదు, గొడవలు సగం అక్కడే మొదలవుతాయి.

టోక్యోలో సర్వేశ్‌ది పర్సనల్ బెస్ట్. నేషనల్ రికార్డు 2.29, తేజస్విన్ పేరు మీద 2018 ఏప్రిల్ 27 నుంచి ఉంది, 2025 సీజన్ ముగిసేదాకా కూడా అదే. తేడా ఒక్క సెంటీమీటర్, మన చిటికెన వేలి మందం.

మరి అంత దగ్గరికొచ్చినోడు ఆ ఒక్క సెంటీమీటర్ కోసం ట్రై చెయ్యొచ్చు కదా? చెయ్యలేడు, ఆ రోజు అతనికి ఆ అవకాశమే లేదు.

బార్ ఎవరు ఎత్తుతారు, ఎంతెంత ఎత్తుతారు

హై జంప్‌లో బార్ ఎత్తులు పోటీ మొదలవ్వకముందే ప్రకటిస్తారు. టోక్యో ఫైనల్లో 2.28 తర్వాత మెట్టు 2.31. మధ్యలో 2.29 గానీ 2.30 గానీ లేవు. సర్వేశ్ 2.28ని మూడో ప్రయత్నంలో దాటాడు, ఆ తర్వాత 2.31 మీద మూడుసార్లు ఫెయిలయ్యాడు, వరుసగా మూడు ఫెయిల్స్ అంటే ఇంటికే. అంటే అతను ఆ రోజు కొత్త రికార్డు కోసం నిజంగానే ట్రై చేశాడు, కాకపోతే ఒక సెంటీమీటర్ కోసం కాదు, ఒకేసారి రెండు సెంటీమీటర్లు పెరిగే రికార్డు కోసం ట్రై చెయ్యాల్సొచ్చింది. టీవీలో ఈ ముక్క ఎవరైనా చెప్పుంటే మా గ్రూపులో గొడవ అయ్యేది కాదు.

రూల్ ప్రకారం పోటీలో ఒకరికంటే ఎక్కువమంది మిగిలున్నంతసేపూ బార్‌ని 2 సెంటీమీటర్ల కంటే తక్కువ పెంచకూడదు. అందరూ ఓడిపోయి ఒక్కడే మిగిలాడనుకోండి, గెలిచేశాడు కాబట్టి ఇక బార్ ఎంత ఎత్తులో పెట్టాలో అతనే అడగొచ్చు. "ఒక్క సెంటీమీటర్ పెంచండి సార్" అనగలిగేది అప్పుడే. నేషనల్ రికార్డులు ఒక్కో సెంటీమీటరే పెరగడానికి ఎక్కువగా ఇదే కారణం. గట్టి పోటీ ఉన్నచోట ఒక్కడే మిగలడం కష్టం, పోటీ లేనిచోట ఒక్కడే మిగలడం తేలికే గానీ అక్కడ నిన్ను తరిమేవాడు ఉండడు, అంత ఎత్తు దూకే ఊపు రాదు. ఈ రెండిటి మధ్యా హై జంపర్ నలిగిపోతుంటాడు, నా లెక్కలో ఈ ఆటలో అన్నిటికన్నా విచిత్రమైన సంగతి ఇదే.

గుమ్మం మీంచి దూకడం

2.29 అంటే ఎంతో అంకెల్లో చెప్తే తెలీదు. మన ఇళ్లల్లో గుమ్మం మామూలుగా 7 అడుగులు పెడతారు, అంటే 2.13 మీటర్లు. మీ ఇంటి గుమ్మం పై పట్టీ చూడండి, దాని మీద ఇంకో అర అడుగు కలపండి. అదీ 2.29, దాదాపు ఏడున్నర అడుగులు. తేజస్విన్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు, అంటే తన తల మీంచి ఇంకో అడుగు పైగా దూకాడన్నమాట. పొడుగున్నోళ్లకే ఈ ఆట అనుకుంటారు గానీ స్వీడన్‌కి చెందిన స్టెఫాన్ హోల్మ్ 1.81 మీటర్ల మనిషి, 2.40 దూకాడు, తల మీంచి 59 సెంటీమీటర్లు.

1966 నుంచి 2004 దాకా: పరుపు మార్చిన ఆట

మన పాత మెట్లు చూస్తే, 1954 మనీలా ఆసియా క్రీడల్లో హై జంప్ గోల్డ్ మన అజిత్ సింగ్‌ది, 1.95 మీటర్లు. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన భీమ్ సింగ్‌ది గోల్డ్, 2.05. ఇవి రికార్డు మెట్లని నేను అనట్లేదు, ఆ రోజుల్లో ఆసియాలో గెలవడానికి ఎంత దూకితే సరిపోయేదో తెలియడానికి చెప్తున్నా.

అదే టైమ్‌కి ప్రపంచ రికార్డు సోవియట్ యూనియన్‌కి చెందిన వాలెరీ బ్రుమెల్‌ది, 1963లో దూకిన 2.28. అంటే ఆసియా ఛాంపియన్‌కీ ప్రపంచ రికార్డుకీ మధ్య 23 సెంటీమీటర్లు.

ఆ తర్వాత 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికాకి చెందిన డిక్ ఫాస్‌బరీ వీపు కిందకి పెట్టి, తల ముందు పెట్టి వెల్లకిలా బార్ దాటి 2.24తో గోల్డ్ కొట్టాడు, జనం నవ్వారు, తర్వాత పదేళ్లలో దాదాపు అందరూ అదే పద్ధతికి మారిపోయారు. దీన్నే ఫ్లాప్ అంటారు. అంతకుముందు బ్రుమెల్ లాంటివాళ్లు దూకింది స్ట్రాడిల్, అంటే బోర్లా బార్ మీద దొర్లినట్టు దాటడం.

అందరూ పద్ధతి గురించి మాట్లాడతారు గానీ అసలు సంగతి పరుపు. వెల్లకిలా దూకితే పడేది మెడ, భుజాల మీద. ఇసక గుంతలో ఫ్లాప్ చేస్తే మెడ విరుగుద్ది. మందపాటి ఫోమ్ పరుపు ఉంటేనే ఫ్లాప్. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో హై జంప్ అంటే ఇద్దరు పిల్లలు చెరోవైపు తాడు పట్టుకోవడం, మిగతావాళ్లు ఒక కాలు ముందూ ఒక కాలు వెనకా కత్తెరలాగా దాటి ఇసకలో పడటం, అంతే. మా బ్యాచ్‌లో ఒకడు చాలా బాగా దూకేవాడు, ఎంత బాగా దూకాడో కొలిచినవాళ్లు లేరు, ఎందుకంటే తాడు మధ్యలో జారిపోయి ఉంటుంది కదా. వాడు ఇప్పుడు ఎరువుల షాపు నడుపుతున్నాడు.

సర్వేశ్ కుశారే కథ కూడా ఇక్కడే మొదలవుద్ది. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా దేవర్‌గావ్, రైతు కుటుంబం. స్కూల్లో పరుపు లేకపోతే మొక్కజొన్న పొట్టు లాంటివి నింపిన గోతాల మీద పడుతూ ప్రాక్టీస్ చేశాడు. అలాంటి చోటు నుంచి టోక్యో ఫైనల్ దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి, అప్పటికి అతనికి 30 ఏళ్లు.

2.25 మీద పన్నెండేళ్లు

2004 సెప్టెంబర్‌లో సింగపూర్‌లో జరిగిన ఏషియన్ ఆల్ స్టార్ మీట్‌లో బెంగాల్ కుర్రాడు హరిశంకర్ రాయ్ 2.25 దూకాడు. మన రికార్డు అదయ్యింది. ఆ అంకె 2016 దాకా కదల్లేదు.

ఇక్కడ లెక్క ఒకటి వేద్దాం. 1966లో ఆసియా గోల్డ్ 2.05, 2004లో మన రికార్డు 2.25. అంటే 38 ఏళ్లలో 20 సెంటీమీటర్లు, ఏడాదికి అర సెంటీమీటర్ పైచిలుకు. 2004 నుంచి 2018 దాకా 14 ఏళ్లలో 4 సెంటీమీటర్లు, అంటే ఏడాదికి మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. స్పీడు తగ్గిపోయిందని బాధపడక్కర్లేదు, ఎందుకంటే మొదటి 20 సెంటీమీటర్లలో పెద్ద వాటా ఫ్లాప్‌దీ, పరుపుదీ, మంచి ట్రాక్‌దీ. అవన్నీ ఒక్కసారే వచ్చే లాభాలు. ఆ తర్వాత వచ్చే ప్రతి సెంటీమీటరూ మనిషి కాలు నుంచే రావాలి.

ప్రపంచంలోనూ ఇదే జరిగింది. క్యూబాకి చెందిన హావియెర్ సోటోమయోర్ 1993లో దూకిన 2.45 ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ఇంకా తమాషా ఏంటంటే 1980 మాస్కో ఒలింపిక్స్‌లో గెర్డ్ వెస్సిగ్ 2.36తో గోల్డ్ కొడితే అప్పట్లో అది ప్రపంచ రికార్డు, 45 ఏళ్ల తర్వాత 2025 టోక్యోలో హామిష్ కెర్ గోల్డ్ కొట్టింది కూడా 2.36కే.

పద్దెనిమిది నెలల్లో నాలుగు సెంటీమీటర్లు

2016 నవంబర్, కోయంబత్తూర్, జూనియర్ నేషనల్స్. ఢిల్లీ కుర్రాడు తేజస్విన్ శంకర్, వయసు 17, 2.26 దూకాడు. సీనియర్ రికార్డు జూనియర్ మీట్‌లో పోయింది. "జూనియర్ మీట్‌లో దూకితే సీనియర్ రికార్డు ఎలా అవుద్ది" అని అప్పుడు కూడా అడిగారు. అవుద్ది, ఎందుకంటే రికార్డుకి వయసుతో పని లేదు, రికార్డు అంటే ఆ దేశంలో ఎవరైనా దూకిన పెద్ద ఎత్తు. కిందికి మాత్రం పనిచెయ్యదు, అంటే 30 ఏళ్లవాడు జూనియర్ రికార్డు కొట్టలేడు.

2017లో అతను అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీకి స్కాలర్‌షిప్ మీద వెళ్లాడు. 2018 ఫిబ్రవరిలో అయోవా రాష్ట్రంలో ఇండోర్ మీట్‌లో 2.28. మార్చిలో పటియాలా వచ్చి ఫెడరేషన్ కప్‌లో బయట గ్రౌండులో మళ్లీ 2.28. ఏప్రిల్ 27న టెక్సాస్‌లో లబక్ ఊళ్లో 2.29. అప్పటికి వయసు 19.

ఇక్కడ జనం చిక్కుపడే చోటు: ఫిబ్రవరిలో దూకిన 2.28 నేషనల్ రికార్డా కాదా? పటియాలాలో దూకినప్పుడు పేపర్లు "తన 2.26 రికార్డు తనే బద్దలు కొట్టాడు" అని రాశాయి, ఫిబ్రవరిలో ఇండోర్ రికార్డు అన్నాయి. రెండూ ఎలా కుదురుతాయి?

ఇండోర్ అంటే పైకప్పు ఉన్న హాల్. పరుగుల్లో ఇండోర్‌కి ట్రాక్ 200 మీటర్లే, మలుపులు వేరు కాబట్టి రికార్డులు వేరుగా పెడతారు. హై జంప్‌లో బార్ అదే, పరుపు అదే, భూమి లాగేది అంతే. అందుకే ప్రపంచ స్థాయి రూల్స్‌లో 2000 తర్వాత ఫీల్డ్ ఈవెంట్లలో పైకప్పు కింద వచ్చిన మార్కుని కూడా అసలు రికార్డుగా ఒప్పుకునే వీలు పెట్టారు. పోల్ వాల్ట్‌లో డుప్లాంటిస్ 2020లో ఇండోర్‌లో దూకిన 6.17, 6.18 అలాగే ప్రపంచ రికార్డులయ్యాయి. జపాన్ హై జంప్ రికార్డు 2.35, నవోతో తోబే 2019లో జర్మనీలో ఇండోర్‌లోనే దూకింది. దక్షిణ కొరియాకి చెందిన వూ సాంగ్‌హ్యోక్ 2.36 కూడా ఇండోర్‌దే. అయినా చాలా దేశాల్లో పాత అలవాటు ప్రకారం రెండు పట్టికలు నడుస్తూనే ఉంటాయి. మన కేసులో గొడవ ఎక్కువ రోజులు నిలవలేదు, ఏప్రిల్‌లో 2.29 వచ్చేసరికి రెండు 2.28లూ చరిత్రలోకి పోయాయి.

దూకినా లెక్కలోకి రానివి

రికార్డు అంటే దూకడమే కాదు, ఒప్పుకోవడం కూడా. అర్హత ఉన్న అఫీషియల్స్ ఉండాలి, ప్రయత్నానికి ముందే ఎత్తు కొలవాలి, మధ్యలో బార్ కదిలితే మళ్లీ కొలవాలి, డోప్ టెస్ట్ జరగాలి.

దీనికి మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ కంటే మంచి ఉదాహరణ లేదు. ఆమెది హై జంప్ కాదు, 100 మీటర్ల హర్డిల్స్. పాత రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో పరిగెత్తిన 13.38 సెకన్లు. జ్యోతి 2020లో మూడబిద్రిలో యూనివర్సిటీ మీట్‌లో 13.03 పరిగెత్తింది, డోప్ టెస్ట్ జరగలేదు, ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి లేడు అని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తింది, వెనక నుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లు, రూల్ 2.0 వరకే. మళ్లీ పోయింది. చివరికి మే నెలలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తితే అదీ రికార్డు. ముందు రెండిటి కంటే స్లో టైమ్, కానీ పుస్తకంలోకి ఎక్కింది అదే. తర్వాత ఆమె 12.78 దాకా తెచ్చింది, అది వేరే కథ.

హై జంప్‌లో గాలి రూల్ లేదు. ఎదురుగాలి, వెనకగాలి ఏదైనా సరే రికార్డు రికార్డే. కాబట్టి హై జంపర్‌కి జ్యోతికి వచ్చిన రెండో కష్టం రాదు, మొదటి కష్టం మాత్రం రావచ్చు.

ఒప్పుకోకపోవడంలో అన్నిటికన్నా పెద్ద కథ చైనాది. 1970లో చాంగ్షాలో నీ ఝిచిన్ అనే ఆయన 2.29 దూకాడు, బ్రుమెల్ కంటే ఒక సెంటీమీటర్ ఎక్కువ, ప్రపంచంలో ఎవరూ అప్పటిదాకా దూకనిది. కానీ అప్పుడు చైనా అంతర్జాతీయ ఫెడరేషన్‌లో సభ్యురాలు కాదు, రికార్డు ఒప్పుకోలేదు. మరుసటి ఏడు అమెరికాకి చెందిన పాట్ మాట్జ్‌డార్ఫ్ అదే 2.29 దూకితే అధికారిక ప్రపంచ రికార్డు అయ్యింది. మన ఇప్పటి జాతీయ రికార్డు కరెక్టుగా ఆ ఎత్తే.

ఒక్క సెంటీమీటర్ ఎంత బరువు

"ఒక్క సెంటీమీటరే కదా" అనేవాళ్లకి ఓ చిన్న లెక్క, ఇంటర్ ఫిజిక్స్ చాలు, ఉజ్జాయింపు అంకెలే.

నేల వదిలే క్షణంలో జంపర్ ఒక కాలి మునివేళ్ల మీద నిటారుగా, చేతులు పైకెత్తి ఉంటాడు. పొడుగు మనిషికి ఆ టైమ్‌లో శరీరపు గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒకచోట ఉందనుకునే బిందువు, నేల నుంచి సుమారు 1.35 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. అది 2.28 దాకా లేవాలంటే ఇంకో 0.93 మీటర్లు పైకెళ్లాలి. పైకి విసిరిన బంతి లెక్కే ఇది, వేగం వర్గాన్ని 19.6తో భాగిస్తే ఎత్తు. అలా చూస్తే నేల వదిలేటప్పుడు పైకి వేగం సెకనుకి 4.27 మీటర్లు కావాలి. ఇప్పుడు 2.29 కావాలంటే? సెకనుకి ఇంకో 0.023 మీటర్ల వేగం చాలు, అంటే వేగం అర శాతం పెరిగితే సరిపోద్ది.

అర శాతం తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ వేగం పుట్టేది ఒకే ఒక్క అడుగులో, పాదం నేలని తాకి వదిలే ఆ రెప్పపాటులో, శరీరం బరువుకి ఎన్నో రెట్లు మోకాలి మీద పడుతున్నప్పుడు. ఎన్నో ఏళ్లు ట్రైనింగ్ చేసి ఆ చివరి అంచు దాకా వెళ్లినవాడికి ఇంకో అర శాతం ఎక్కడి నుంచి తేవాలి? పైగా ఫ్లాప్‌లో వీపు విల్లులా వంచితే గరిమనాభి బార్ పక్కనో కొంచెం కిందనో జారిపోతూనే శరీరం మాత్రం బార్ మీంచి వెళ్లగలదు. అందుకే చాలామంది సెంటీమీటర్లు బలం నుంచి కాకుండా వంపు నుంచీ చివరి మూడు అడుగుల లయ నుంచీ సంపాదిస్తారు. ఆ లయ ఒక రోజు కుదురుద్ది, నెల రోజులు కుదరదు.

రికార్డు ఎత్తు వేరు, మెడల్ ఎత్తు వేరు

ఇప్పుడు మూడోవాడి ప్రశ్నకి వద్దాం.

2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో తేజస్విన్ 2.24 దూకి ఆరో స్థానం, అక్కడ గోల్డ్ బ్రాండన్ స్టార్క్ 2.32. మూడు వారాలు తిరక్కుండానే లబక్‌లో 2.29 రికార్డు, ఏ మెడలూ లేని మామూలు మీట్‌లో. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో 2.22కే బ్రాంజ్, హై జంప్‌లో మనకి కామన్వెల్త్ మొదటి మెడల్ అదే. అక్కడ గోల్డ్ 2.25కే వెళ్లింది. ఆ రోజు అందరూ తక్కువే దూకారు.

అంటే మెడల్ అనేది ఆ రోజు ఎదుటివాళ్లతో పోటీ, రికార్డు దేశ చరిత్రతో పోటీ. బర్మింగ్‌హామ్‌లో 2.22 దూకింది తేజస్విన్ ఒక్కడే కాదు, బహామాస్‌కి చెందిన డోనాల్డ్ థామస్, ఇంగ్లండ్ కుర్రాడు జోయెల్ క్లార్క్ ఖాన్ కూడా అదే ఎత్తు దాటారు. మరి బ్రాంజ్ ఇతనికే ఎందుకొచ్చింది? కౌంట్‌బ్యాక్ వల్ల.

ఒక ఊహ చెప్తా. రవి, కిరణ్, సలీం ముగ్గురూ 2.10 దాటారు, 2.12 ముగ్గురూ ఫెయిల్. రవి 2.10ని మొదటిసారే దాటాడు, కిరణ్, సలీం రెండోసారి దాటారు. రవి పైన. ఇక కిరణ్, సలీం ఆఖరి ఎత్తులో సమానం, కాబట్టి మొదటి నుంచీ ఎన్ని ఫెయిల్స్ ఉన్నాయో లెక్కేస్తారు. సలీం కింద 2.00 దగ్గర అనవసరంగా ఒకసారి బార్ పడేశాడనుకోండి, ఆ పాత తప్పు ఇప్పుడొచ్చి అతన్ని కిందికి తోసేస్తుంది. అందుకే పెద్ద జంపర్లు కింది ఎత్తులు వదిలేస్తుంటారు, దాన్ని పాస్ అంటారు, దూకకపోతే ఫెయిలూ ఉండదు. తేజస్విన్ 2.22ని మొదటి ప్రయత్నంలోనే దాటాడు, మిగతా ఇద్దరికీ అంతకంటే ఎక్కువ పట్టాయి. మెడల్ ఎత్తులో లేదు, ఆ మొదటి ప్రయత్నంలో ఉంది.

క్వాలిఫైయింగ్ కూడా ఇలాంటి వేరే లెక్కే. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా వెళ్లాలంటే 2.33 దూకాలి, అది మన రికార్డు కంటే 4 సెంటీమీటర్లు పైన. సర్వేశ్ పారిస్ వెళ్లింది వరల్డ్ ర్యాంకింగ్ దారిలో. ర్యాంకింగ్‌కి ఒక్క మంచి రోజు చాలదు, ఏడాదంతా నిలకడగా దూకాలి.

2018 తర్వాత ఎందుకు కదల్లేదు: మూడు వాదనలు

మొదటి వాదన, మన సిస్టమ్‌లో ఇంత ఎత్తు దూకించే పోటీ లేదు, అమెరికా కాలేజీల్లోలా ఇండోర్ సీజన్ నుంచి వారం వారం పోటీ ఉంటేనే ఎత్తు వస్తుంది అనేది. దీనికి బలం 2.29 లబక్‌లో రావడమే. కానీ మెట్లు లెక్కపెడితే సింగపూర్, కోయంబత్తూర్, పటియాలా, లబక్. నాలుగింట్లో రెండు మన దేశంలోనే. పటియాలా మెట్టు ఎక్కింది అమెరికాలో ట్రైనింగ్ తీసుకునేవాడే అనొచ్చు, నిజమే, కానీ 2.26 దూకింది ఇంకా స్కూల్ పిల్లాడు.

రెండో వాదన, ఇక్కడే ఉండి కూడా సాధించొచ్చు, సర్వేశే రుజువు అనేది. ఇదీ సగమే. అతను ఇక్కడే ఎదిగాడు కానీ 2.28 వచ్చింది టోక్యోలో, ప్రపంచంలోని పెద్ద జంపర్ల మధ్య నిలబడ్డప్పుడు. నాకైతే రెండు వాదనలూ ఒకే మాట వేరేవేరుగా చెప్తున్నట్టుంది: ఎక్కడ ట్రైనింగ్ అన్నది కాదు, ఎవరి పక్కన నిలబడి దూకావన్నది.

మూడోది డెకాథ్లాన్ వాదన. తేజస్విన్ మెల్లగా పది ఈవెంట్ల డెకాథ్లాన్‌కి మళ్లాడు, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 7666 పాయింట్లతో సిల్వర్, అది కూడా అప్పటికి నేషనల్ రికార్డు, 2011లో భరతిందర్ సింగ్ పెట్టిన 7658ని దాటి. హై జంప్ అభిమానులు "మనవాణ్ణి పోగొట్టుకున్నాం" అంటారు. ఇంకోవైపు వాళ్లు, ఆసియాలో హై జంప్‌కి ఖతర్ ముతాజ్ బర్షిమ్ లాంటి 2.43 మనిషి ఉన్నాడు, డెకాథ్లాన్‌లో దారి ఖాళీగా ఉంది, ఆ కుర్రాడు తెలివైన పనే చేశాడు అంటారు. మనిషి బతుకు, ఛాయిస్ అతనిది, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ 2.29 అలాగే ఉండిపోవడానికి ఇదొక కారణం అన్నది కాదనలేం.

2022లో సెలక్షన్ గొడవ కూడా ఈ కథలోదే. ఫెడరేషన్ పెట్టిన 2.27ని తేజస్విన్ అమెరికాలో కాలేజీ నేషనల్స్‌లో దాటాడు, కానీ చెన్నైలో ఇంటర్ స్టేట్ మీట్‌కి రాలేదని టీమ్‌లో పెట్టలేదు. ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి చివరికి టీమ్‌లోకొచ్చి బ్రాంజ్ తెచ్చాడు. అందరూ ఒకే మీట్‌లో పోటీ పడితేనే న్యాయం అన్న ఫెడరేషన్ మాటలో పాయింట్ ఉంది. కాలేజీ సీజన్ మధ్యలో సముద్రం దాటి రాలేనన్న అథ్లెట్ మాటలోనూ ఉంది.

పక్కనే ఇంకో రెండు అంకెలు

మగవాళ్ల రికార్డు గురించే అనుకున్నా గానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆడవాళ్ల హై జంప్ జాతీయ రికార్డు 1.92, సహనా కుమారి 2012 జూన్‌లో దూకింది, ఎక్కడో కాదు మన హైదరాబాద్‌లోనే. 2.29 పాతబడిపోయిందని వాపోయేవాళ్లు దీన్నీ చూడాలి, ఇది ఇంకా ఆరేళ్లు పాతది.

రెండోది పారా హై జంప్. అక్కడ వైకల్యం తీరునిబట్టి కేటగిరీలు, ప్రతి కేటగిరీకీ వేరే రికార్డు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ప్రవీణ్ కుమార్, పుట్టుకతో ఒక కాలు పొట్టి, 2.08 దూకి గోల్డ్ తెచ్చాడు. 1966లో భీమ్ సింగ్ ఆసియా గోల్డ్ 2.05. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని కాసేపు అలా చూస్తూ కూర్చున్నా.

కొత్త రికార్డు ఎలా వస్తుందో ముందే ఊహించాలంటే

2016 నుంచి 2018 దాకా మెట్లన్నీ ఎక్కింది ఒక్కడే. ఇప్పుడు ఒక సెంటీమీటర్ తేడాలో ఇద్దరి పేర్లున్నాయి. అదొక మార్పు.

ఈసారి పెద్ద మీట్ చూసేటప్పుడు బార్ మెట్లు ముందే చూసుకోండి. 2.28 తర్వాత 2.31 అని ఉంటే రికార్డు రావాలంటే రెండు సెంటీమీటర్లు ఒకేసారి పెరగాలి. అదే మన నేషనల్స్‌లో 2.24 దగ్గర అందరూ వెనకబడి ఒక్కడే మిగిలి, అఫీషియల్ దగ్గరికెళ్లి ఏదో చెప్తుంటే కెమెరా అటు తిప్పాలి, అతను 2.30 అడుగుతున్నాడేమో. అప్పుడు టేపు పట్టుకుని ఇద్దరు వచ్చి బార్ కింద నుంచి మళ్లీ కొలుస్తారు, స్టేడియంలో ఉన్న నాలుగొందల మందీ చప్పట్లు కొట్టడం మొదలుపెడతారు.